పెళ్లి వీడియో అంతా ఊగుతోంది, అక్కకు ఏమని చెప్పాలి?

ఈ వారం ఉత్తరం పరకాల వైపు నుంచి. రాసినవారు హనుమకొండలో డిగ్రీ చదువుతున్న యువకుడు, పేరు వద్దన్నారు. మాఘమాసంలో వాళ్ల అక్క పెళ్లి జరిగింది. ఫొటోలకు మనిషిని కుదుర్చుకున్నారు గానీ, వీడియోకు అడిగిన ధర విని "అంత డబ్బు ఎందుకు నాన్నా, నా ఫోనుతో నేనే తీస్తాను" అని మాన్పించింది ఈయనే. ఎదుర్కోళ్ల నుంచి బరాత్ దాకా నాలుగు గంటల పైచిలుకు తీశారు. పెళ్లయ్యాక లక్నవరం వెళ్లినప్పుడు వేలాడే వంతెన మీద అక్కాబావలు నడుస్తుంటే, వెనకే నడుస్తూ అదీ తీశారు. ఇంటికొచ్చి టీవీలో పెట్టి చూస్తే కాసేపటికే అమ్మకు కళ్లు తిరిగాయట.

అప్పటి నుంచి జమ్మికుంటలోని అక్క అత్తవారు "పెళ్లి క్యాసెట్ ఎప్పుడిస్తారు" అని అడుగుతూనే ఉన్నారు. బావ తాతగారు మంచంలో ఉండి పెళ్లికి రాలేకపోయారు, ఆయన చూడాలంటున్నారు. మన పాఠకుడు మొదట "ఎడిటింగ్ జరుగుతోంది" అన్నారు, తరువాత "కంప్యూటర్ పాడైంది" అన్నారు. ఈ మధ్య ఒక విందులో ఒక బంధువు "డబ్బు మిగుల్చుకున్నారు గానీ పెళ్లిని మిగుల్చుకోలేదు" అని నలుగురిలో అనేసరికి నాన్న మాట్లాడకుండా లేచి వెళ్లిపోయారట. స్నేహితుడొకరు ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి ఇచ్చాడు. కుదుపు తగ్గింది, కానీ మండపం స్తంభాలు వంగుతున్నాయి, ముఖాలు సాగుతున్నాయి, అంచుల్లో నల్ల పట్టీలు ఆడుతున్నాయి. పట్టీలు పోవడానికి జూమ్ పెంచితే అక్క తల తెగిపోతోంది. పైగా సగం నుంచి మంత్రాలకూ పంతులుగారి పెదాలకూ పొంతన లేదు. ఒక స్టూడియోవారు 12 వేలు అడిగారు.

"దీన్ని పూర్తిగా బాగుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది? 12 వేలు అప్పుచేసి ఇవ్వాలా? లేక హార్డ్ డిస్క్ పోయిందని చెప్పేసి ఈ బాధ వదిలించుకోవాలా?" ఇవీ వారి ప్రశ్నలు. చివర్లో మరొకటి చేర్చారు: చిన్నాన్న కూతురి నిశ్చితార్థం దగ్గర పడింది, దానికీ ఈయననే తీయమంటున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "పూర్తిగా". నాలుగు గంటల వీడియోనూ మొదటి నుంచి చివరి దాకా నిలబెట్టాలనుకుంటున్నారు. ఆ పని 12 వేలు తీసుకునే స్టూడియో చేయలేదు, లక్ష రూపాయల సాఫ్ట్‌వేర్ కూడా చేయలేదు. చేయగలిగింది వేరే ఉంది, అది మీ చేతిలోనే ఉంది. ముందు మీ స్నేహితుడి దగ్గర ఏం జరిగిందో చెబుతాను. అది తెలిస్తే ఏది దక్కుతుందో, ఏది దక్కదో మీకే కనిపిస్తుంది.

కుదుపు తగ్గించే సాఫ్ట్‌వేర్ చేసే పని ఇది. ఒక ఫ్రేములో, అంటే వీడియోలోని ఒక్క బొమ్మలో, స్పష్టంగా కనిపించే చిన్న చిన్న ముక్కలను ఎంచుకుంటుంది, తరువాతి ఫ్రేములో అవి ఎక్కడికి జరిగాయో వెతుకుతుంది. ఆ జరుగుడును బట్టి కెమెరా ఎటు కదిలిందో లెక్కగట్టి, బొమ్మను దానికి ఎదురు దిక్కుకు జరుపుతుంది. కిటికీ వెనక పెద్ద పటాన్ని పట్టుకుని అటూ ఇటూ జరుపుతున్నట్టు ఊహించుకోండి. పటం కిటికీ కంటే పెద్దదైతే అంచులు కనిపించవు. రెండూ ఒకే కొలత అయితే జరిపినప్పుడల్లా ఒక పక్క ఖాళీ బయటపడుతుంది. మీ నల్ల పట్టీలు ఆ ఖాళీలే. వాటిని దాచడానికి బొమ్మను పెద్దది చేయాలి, చేస్తే అంచులు తెగుతాయి. మీరు అక్క తలను ఫ్రేము పై అంచుకు ఆనించి తీసి ఉంటే, ముందు తెగేది ఆ తలే. ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా ఈ బేరం తప్పదు, ఎంత నిలకడ కావాలంటే అంత అంచు వదులుకోవాలి.

మీరు ఫుల్ హెచ్‌డీలో తీశారని రాశారు. అంటే బొమ్మ వెడల్పు 1920 చుక్కలు (పిక్సెళ్లు). 10 శాతం జూమ్ చేస్తే అసలైన చుక్కలు దాదాపు 1745 మిగులుతాయి, 20 శాతం చేస్తే 1600. ఇంట్లో టీవీలో చూసేవారికి మొదటిది తేడా తెలియదు, రెండోది కొంచెం మెత్తబడినట్టు ఉంటుంది. అంతకు మించి వెళ్లకండి. అదే 4కెలో తీసి ఉంటే వెడల్పు 3840 ఉండేది, సగం దాకా కోసినా ఇబ్బంది ఉండేది కాదు. అయిపోయినదాన్ని గురించి దెప్పడం లేదు, నిశ్చితార్థం దగ్గర ఇది పనికొస్తుందని చెబుతున్నాను.

స్తంభాలు వంగడానికి కారణం వేరు. ఫోను కెమెరా బొమ్మనంతా ఒక్కసారి పట్టదు, ఒక్కో వరుస చొప్పున పట్టుకుంటూ పోతుంది. మొదటి వరుసకూ చివరి వరుసకూ మధ్య మీ చెయ్యి జరిగితే, నిటారు స్తంభం ఏటవాలుగా పడుతుంది. బొమ్మ ఊగినంత సేపూ ఆ వంపు కంటికి ఆనదు. ఊపు తీసేయగానే అది ఒక్కటే మిగిలి బయటపడుతుంది. దాని పైన మీ స్నేహితుడు అన్ని మీటలనూ గరిష్ఠానికి పెట్టి ఉంటాడు, అందువల్లే ముఖాలు కూడా సాగాయి. ఆ ఫైళ్లను పక్కన పడేయండి. వాటి మీద మళ్లీ ఏ సవరణా చేయకండి, ఫోనులోని అసలు ఫైళ్ల నుంచే మొదలుపెట్టండి. ఇంకా ముఖ్యం: ఆ అసలు ఫైళ్లకు ఈ రోజే వేరే డిస్కులో ఒక నకలు తీసుకోండి. ఇన్ని నెలలుగా మీ అక్క పెళ్లి వీడియో మొత్తం ఒక్క ఫోనులోనే ఉందని చదివి నాకు గుండె ఆగినంత పనైంది.

ఇప్పుడు ఏది దక్కుతుందో చూద్దాం. మండపం ముందు నిలబడి తీసిన జీలకర్ర బెల్లం, పుస్తెమట్టెలు బాగా దక్కుతాయి. అక్కడ మీరు నడవలేదు, చేతులు మాత్రమే వణికాయి. వెనక స్తంభాలు, పూల అలంకరణ కదలకుండా ఉన్నాయి కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు పట్టు దొరుకుతుంది. తలంబ్రాల దగ్గర గొడవ మొదలవుతుంది. బియ్యం ఎగురుతుంటాయి, చేతులు ఊగుతుంటాయి, ఫొటోగ్రాఫర్ ఫ్లాషు వెలిగినప్పుడల్లా బొమ్మ తెల్లబడుతుంది, ఎవరో ఒకరు అడ్డుగా నడుస్తారు. ఫ్రేములో ఎక్కువ భాగం కదిలితే, కదిలింది కెమెరానే అని సాఫ్ట్‌వేర్ పొరబడుతుంది. అప్పుడు మనుషులు నిలబడి మండపం ఊగుతుంది. అక్కడ ఎవరూ అడ్డు రాని చిన్న ముక్కలను ఏరుకోండి, మిగతావాటిని వదిలేయండి.

బరాత్ సంగతి మరీ కష్టం. రాత్రి వెలుతురు తక్కువైనప్పుడు ఫోను ఒక్కో ఫ్రేమును ఎక్కువ సేపు పడుతుంది, ఆ సేపట్లో చెయ్యి కదిలితే ముఖం అలుక్కుపోతుంది. బొమ్మను ఎంత కుదురుగా నిలబెట్టినా, అలుక్కుపోయిన ముఖం తేటపడదు. పైగా కుదుపు పోయాక ఆ మసక మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి బరాత్‌ను సవరించవద్దు. మూడు నాలుగు సెకన్ల ముక్కలుగా కోసి, డప్పుల దరువుకు సరిపోయేలా పేర్చండి. దరువు మీద కెమెరా ఎగిరితే ఎవరూ తప్పు పట్టరు, మనుషులే ఎగురుతున్నారు కదా.

లక్నవరం వంతెనది ఇంకో తమాషా. అక్కడ మీ చెయ్యితో పాటు వంతెన కూడా కదులుతోంది. దగ్గరి తీగలను పట్టుకుని సాఫ్ట్‌వేర్ లెక్కవేస్తే దూరపు గుట్టలు ఎగురుతాయి, నీటి అలలను పట్టుకుంటే మొత్తం ఈదుతుంది. అక్కాబావలు ఆగి వెనక్కు తిరిగిన చోటు ఏదైనా ఉంటే అది తీసుకోండి, లేకపోతే అందులోంచి ఒక మంచి ఫ్రేమును ఫొటోగా తీసి పెట్టుకోండి. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి, టీవీలో చూడటానికి చాలు.

అప్పగింతల గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు: "అప్పుడు నేనూ ఏడుస్తున్నాను, ఏం తీశానో నాకే తెలియదు." అది చదివాక నా అభిప్రాయం గట్టిపడింది. ఆ ముక్కకు జూమ్ ఇచ్చి, అంచులు కోసి, నున్నగా చేయకండి. మరీ కళ్లు తిరిగే చోట్లు మాత్రం తీసేయండి. ఇంకొక దారి కూడా ఉంది, పెళ్లి మొత్తానికీ పనికొచ్చేది. మీరు కుదుపు గురించే బాధపడుతూ ఒక సంగతి మరిచిపోయారు, శబ్దం ఊగదు. మీ అక్క మాట, నాన్న గొంతు, పక్కింటి అవ్వ ఏడుపు, సన్నాయి అన్నీ శుభ్రంగా ఉన్నాయని మీరే రాశారు. ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలు మీ దగ్గర ఉన్నాయి. వీడియో చెడిన చోట ఆ ఫొటోలను వరుసగా పేర్చి, కింద అసలు శబ్దాన్ని నడవనివ్వండి. మంచంలో ఉన్న తాతగారు చూడాలనుకునేది ముఖాలు, వినాలనుకునేది మంత్రాలూ మాటలూ. ఇవి ఆయనకు పూర్తిగా అందుతాయి.

ఇక సాఫ్ట్‌వేర్. మీరు రాసిన ప్రకారం మీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపం చాలా మంచిది, కుదుపు తగ్గించే పని అందులో బాగుంటుంది, మొత్తం బొమ్మను త్రిపాదిపై పెట్టినట్టు బిగించే కెమెరా లాక్ కూడా ఉంది. కానీ మీ యంత్రం మీద అది ఈడ్చుకుంటూ నడుస్తుంది, మధ్యలో ఆగిపోతే మీకు మళ్లీ నీరసం వస్తుంది. మీ స్నేహితుల్లో ఎవరికైనా గట్టి కంప్యూటర్ ఉంటే అక్కడ వాడండి. మీ ల్యాప్‌టాప్‌కు కెడెన్‌లైవ్ గానీ షాట్‌కట్ గానీ సరిపోతాయి. రెండూ ఉచితం, వీడియో మీద తమ ముద్ర వేయవు, గడువు పెట్టవు. రెండింటిలోనూ కుదుపు తగ్గించే పని వెనక విడ్‌స్టాబ్ అనే ఒకే లైబ్రరీ (సాఫ్ట్‌వేర్లు తమలో కలుపుకుని వాడుకునే సిద్ధ కోడ్) ఉంది. కాబట్టి ఏది గొప్పదని వాదులాడుకోకుండా చేతికి అలవాటైనది పట్టుకోండి. గైరోఫ్లో అని ఒకటి ఉంది, ఎవరైనా చెబుతారేమో. అది కెమెరాలోని గైరోస్కోపు నమోదు చేసిన కదలికల ఆధారంగా పనిచేస్తుంది. మీ మామూలు ఫోను వీడియోలో ఆ సమాచారం ఉండదు కాబట్టి దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

పనికి దిగే ముందు పెదాలకూ మాటకూ తేడా వస్తున్న ఫైళ్లను సరిచేసుకోండి. ఫోనులు వెలుతురును బట్టి సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటూ ఉంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అది స్థిరంగా ఉందనుకుంటుంది. ఫైలు పొడవైన కొద్దీ తేడా పెరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేముల వేగాన్ని స్థిరం అని ఎంచుకుని కొత్త ఫైలు తయారుచేసుకుంటే ఈ పీడ విరగడవుతుంది.

ఆ తరువాత మొత్తం ఫైలును యంత్రం మీదికి తోయకండి. ఒక గంట వీడియో అంటే సెకనుకు 30 చొప్పున లక్షా ఎనిమిది వేల ఫ్రేములు. మొదట కాగితం తీసుకుని వీడియో చూస్తూ, కావలసిన ముక్కలు ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఉన్నాయో రాసుకోండి. వాటిని విడివిడి ఫైళ్లుగా కోసుకుని, ఒక్కొక్క దానికే కుదుపు తగ్గించండి. కెడెన్‌లైవ్‌లో క్లిప్ మీద మౌస్ కుడి మీట నొక్కితే క్లిప్ జాబ్స్ కింద స్టెబిలైజ్ కనిపిస్తుంది. షాట్‌కట్‌లో అది ఫిల్టర్ల వరుసలో ఉంటుంది, చేర్చాక అనలైజ్ నొక్కాలి. మొదట సాఫ్ట్‌వేర్ ఆసాంతం చూసి లెక్కలు రాసుకుంటుంది, రెండో విడతలో బొమ్మను జరుపుతుంది.

మీటల్లో మీకు అసలు కావలసింది స్మూతింగ్. ముందు ఎన్ని ఫ్రేములు, వెనక ఎన్ని ఫ్రేములు కలిపి కదలికను నున్నగా చేయాలో అది చెబుతుంది. 10 పెడితే అటూ ఇటూ సెకనులో మూడో వంతు చొప్పున చూస్తుంది. చేతి వణుకుకు అది చాలు. 30 పెడితే అటూ ఇటూ ఒక్కో సెకను చూసి, నడకలోని ఎత్తుపల్లాలను కూడా అదిమేస్తుంది, కానీ అంచు ఎక్కువ కోసుకుంటుంది. 15తో మొదలుపెట్టి చూడండి. ఫలితంలో ముఖాలు సాగితే తగ్గించండి, పెంచకండి. కొంత వణుకు మిగిలినా మనిషి కన్ను సర్దుకుంటుంది, సాగిన ముఖానికి సర్దుకోదు.

స్టూడియో వారి 12 వేల గురించి. వాళ్లు చేసేది మోసం అనను, వాళ్ల దగ్గర అనుభవం ఉంటుంది, గట్టి కంప్యూటర్లూ ఉంటాయి. కానీ అంచు కోసే బేరం వాళ్లకూ తప్పదు, అలుక్కుపోయిన ముఖం వాళ్లకూ తేటపడదు. అడ్వాన్సు ఇచ్చే ముందు మీ దగ్గరున్న అత్యంత చెడ్డ నిమిషాన్ని ఇచ్చి చేసి చూపించమనండి. చూపించింది మీ ఇంట్లో చేసుకున్నదానికంటే ఎంతో మెరుగ్గా ఉంటే, ముఖ్యమైన పది పదిహేను నిమిషాలకు మాత్రమే ధర మాట్లాడుకోండి. చూపించనంటే తిరిగి వచ్చేయండి. అప్పు చేసి మాత్రం ఇవ్వకండి. డబ్బు మిగల్చడానికి మొదలైన పని అప్పుతో ముగిస్తే నాన్నకు రెండో దెబ్బ అవుతుంది.

హార్డ్ డిస్క్ పోయిందనే మాట ఆ పూటకు తేలికే. కానీ ఆ తరువాత జమ్మికుంట వారికి మీరు ఏమీ చూపించలేరు. బాగా వచ్చిన జీలకర్ర బెల్లం కూడా దాచుకోవాలి, అక్క గొంతు ఉన్న శబ్దం కూడా దాచుకోవాలి. తాతగారికి ఏదీ అందదు. మీ స్నేహితుడికి నిజం తెలుసు, స్టూడియో వారికి తెలుసు, వాళ్లలో ఒకరి నోట్లోంచి ఎప్పుడో జారుతుంది. అప్పుడు మాట పడేది మీరు కాదు, అత్తవారింట్లో ఉన్న మీ అక్క. ఇప్పటికే రెండు సాకులు ఆమె మీదుగానే అక్కడికి చేరాయి, గమనించారా? "మా తమ్ముడు పంపిస్తాడు" అని ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో.

నిజం చెప్పడానికి రెండు దారులున్నాయి. ఇప్పుడే ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చు. మీ భారం వెంటనే దిగుతుంది, కానీ వినేవారి చేతికి బాధ తప్ప ఏమీ రాదు, నాలుగు రోజులు ఆ ఇంట్లో అదే చర్చ నడుస్తుంది. లేదా ముందు ఒక పది నిమిషాల ముక్క తయారుచేసి, అక్క పుట్టింటికి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూపించి, ఆ తరువాత చెప్పవచ్చు. నాకు ఇదే మేలనిపిస్తుంది, ఒక షరతు మీద: అది ఇంకో వాయిదాగా మారకూడదు. అక్కకు ఈ రోజే ఒక మాట చెప్పండి, "వీడియో కొంత చెడిపోయింది, మంచివి ఏరుతున్నాను, ఫలానా ఆదివారం చూపిస్తాను" అని. అత్తగారికి ఎలా చెప్పాలో అక్కకే వదిలేయండి, ఆ ఇంటి మనుషులు ఆమెకు తెలిసినంత మీకు తెలియదు. ఏ ముక్కలు ఉండాలో, ఏవి వద్దో కూడా ఆమెనే అడగండి. మీరు పనికిరాదని పడేసిన దాంట్లో ఆమెకు కావలసిన మనిషి ఉండవచ్చు.

పెళ్లికి వచ్చినవాళ్లలో ఎంతో మంది ఫోనులు పట్టుకునే ఉంటారు. బంధువులను అడగండి. అయితే వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే బొమ్మ నాణ్యత పడిపోతుంది. డాక్యుమెంటుగా పంపమనండి, 2 జీబీ దాకా యథాతథంగా వస్తుంది. దగ్గరి ఊళ్లవారైతే కేబుల్‌తో ఎక్కించుకుని రండి. విందులో ఆ మాట అన్న బంధువును కూడా అడగండి. ఆయన ఫోనులో ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అడిగితే ఇస్తారు కూడా.

నాన్న ఆ రోజు లేచి వెళ్లిపోయింది మీ మీద కోపంతోనే అని మీరు తేల్చేసుకున్నారు. ఆయన ఇంతవరకు మీతో ఒక్క మాట అనలేదని కూడా మీరే రాశారు. తయారైన పది నిమిషాలను మొదట ఆయనకు చూపిస్తారో, అక్కకు చూపిస్తారో మీ ఇష్టం. నేనైతే నాన్నతో మొదలుపెడతాను.

నిశ్చితార్థానికి ఒప్పుకోవాలా అంటే, నాలుగు వందల రూపాయలో ఆరు వందలో పెట్టి ఫోను బిగించే చిన్న స్టాండు కొంటేనే ఒప్పుకోండి. మొత్తం బాధ్యత వద్దు, ఉంగరాలు మార్చుకునేదీ, తాంబూలాలు పుచ్చుకునేదీ మాత్రమే తీస్తానని ముందే చెప్పేయండి. దానికి ముందు ఒక సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద సాధన చేయండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి నిలబడి, జూమ్ వాడకుండా, ఒక్కో దృశ్యం పది సెకన్లు కదలకుండా. ఫోనులో ఉంటే 4కె పెట్టండి, తలల పైన ఖాళీ వదలండి. హాలులో లైట్లు మిణుకుతున్నట్టు పడితే షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేమును పట్టే సమయాన్ని, 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ చేయండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ రెండూ కుదురుతాయి. స్టాండును ముందు వరుసకూ వేదికకూ మధ్య, కూర్చున్నవారి కళ్ల ఎత్తున పెట్టండి. సరిగ్గా ఉంగరం తొడిగే వేళకు లేచి అడ్డంగా నిలబడే మేనమామ ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయనెవరో కనుక్కుని, ఆ స్టాండు కాపలా ఆయనకే అప్పగించండి.